వంటింట్లో కొత్త రంగు నిలవడం లేదా? సమస్యలు, పరిష్కారాలు

వంటిల్లు కొత్తగా చేయిద్దాం అనుకోగానే అందరూ ముందు షేడ్ కార్డు తెరుస్తారు. నిజానికి ముందు తేల్చాల్సినవి చెమ్మ, జిడ్డు. ఆ రెండూ అలాగే ఉంటే ఎంత ఖరీదైన పెయింటయినా నిలవదు.

సింకు వెనక గోడ పెచ్చులూడుతోంది

"పుట్టీ పెట్టి రెండు కోట్లు కొట్టేద్దాం సార్" అంటాడు పెయింటర్. ఒప్పుకోకండి, పుట్టీ చెమ్మని ఆపదు. అడుగు చదరం పాలిథీన్ ముక్కని గోడకి నాలుగు అంచులా టేపు వేసి అంటించి, ఒక రోజు వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోదే. బయటి వైపు పడితే అది వంట ఆవిరి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే సరిపోతుంది.

గోడలోదైతే మూడు చోట్ల వెతకండి: కుళాయి పైపు జాయింటు, సింకూ గట్టూ కలిసే సందు, గోడకి అవతల బాత్రూం ఉంటే అది. లీకు ఆపించి, పాత పుట్టీ గీకించి, గోడ ఆరాకే ప్రైమర్ వేయించాలి. ఇక్కడ తొందరపడితే ఖర్చు రెండింతలు.

పొయ్యి దగ్గర పెయింటు అంటుకోవడం లేదు

ఏళ్ల తరబడి పెట్టిన తాలింపుల జిడ్డు గోడ మీద పొరలా పేరుకుపోయి ఉంటుంది. నీళ్లతో కలిపే ఎమల్షన్ దాని మీద పట్టదు. వేడినీళ్లలో వాషింగ్ సోడా కలిపి, చేతికి గ్లవ్స్ వేసుకుని రుద్దండి. మంచినీళ్లతో కడిగి, ఆరాక ఎమరీ పేపర్ కొట్టించి, ప్రైమర్ మీద కడగడానికి వీలైన ఎమల్షన్ వేయించండి. పొయ్యి వెనక మాత్రం పెయింటు కన్నా టైల్సే మేలు.

టైల్స్ మధ్య గీతలు పసుపెక్కాయి

టైల్స్ సందుల్లో నింపే సిమెంటు గ్రౌట్‌కి సన్నటి రంధ్రాలుంటాయి, పసుపునీ నూనెనీ పీల్చేస్తుంది. పాత గ్రౌట్ తవ్వించి, మరకలు పీల్చని ఎపాక్సీ (రెజిన్) గ్రౌట్ నింపించండి. టైల్ మీద పడ్డది గట్టిపడకముందే మేస్త్రీ చేత తుడిపించాలి, తర్వాత వదలదు. పసుపు మరకకి ఎండ పడితే రంగు దానంతటదే వెలిసిపోతుంది కాబట్టి, కిటికీ వైపు గోడకి ఈ బాధ కాస్త తక్కువ.

సింకు కింద అలమర అడుగు ఉబ్బింది

పార్టికల్ బోర్డు నీళ్లు తాగితే ఉబ్బుతుంది, మళ్లీ మామూలవదు. అలాగని మొత్తం మార్చక్కర్లేదు. ఆ ఒక్క పెట్టెనీ ఐఎస్ 710 ముద్ర ఉన్న, అంటే నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌తో చేయించండి. కోసిన అంచులన్నీ, పైపు కోసం చేసిన రంధ్రం అంచు కూడా, సీల్ చేయించండి. కార్పెంటర్లు ఎక్కువగా వదిలేసేది ఆ రంధ్రాన్నే.

గట్టు మీద తెల్లటి మచ్చలు

పాలరాయి, కడప రాయి రెండిట్లోనూ ఉండేది సున్నపు పదార్థమే. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే మెరుపు పోతుంది. మళ్లీ పాలిష్ పట్టించడమే దారి. కొత్తగా వేయించేవాళ్లు గ్రానైట్ తీసుకోండి.

లేత రంగు వేసినా చీకటిగానే ఉంది

తప్పు రంగుది కాదు. లైటు గది నడిమధ్యన ఉంటే, గట్టు ముందు నిలబడ్డ మనిషి నీడ సరిగ్గా కత్తిపీట మీదే పడుతుంది. పై అలమరల అడుగున ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టించండి. ఆ వెలుగులో రంగులు మళ్లీ వేరుగా కనిపిస్తాయి కాబట్టి, షేడ్ ఎంచుకునేముందు గోడ మీద రెండడుగుల మేర వేయించి, పగలూ రాత్రీ చూశాకే డబ్బా కొనండి.