మోటోక్రాస్ పోటీకి ఒంటిని సిద్ధం చేసుకోవడం: చివరి ల్యాపు దాకా నిలిచే దమ్ము

ఎత్తుపల్లాల మట్టి ట్రాక్ మీద సాగే బైకు పందెం మోటోక్రాస్. దాన్ని బయటి నుంచి చూసేవారికి కష్టమంతా ఇంజనుదేనని, మనిషి కేవలం థ్రాటిల్ తిప్పుతున్నాడని అనిపిస్తుంది. నిజానికి పోటీలో రైడర్ సీటు మీద కూర్చునే సమయం చాలా తక్కువ. 100 కిలోలు దాటే బండిని ఫుట్‌పెగ్గుల మీద నిలబడి, చక్రాలు తవ్విన గాడుల్లోనూ వరుస గుంటల్లోనూ అదుపు చేస్తూ, ప్రతి జంప్ తరువాత నేల తాకే దెబ్బను మోకాళ్లతో, పిరుదులతో, నడుముతో భరిస్తూ ఉండాలి. పోటీలో రైడర్ల గుండె వేగాన్ని కొలిచిన పరిశోధనల్లో, మోటో, అంటే ఒక విడత పందెం, సాగినంతసేపూ అది గరిష్ఠ వేగంలో 90 శాతానికి అటూఇటూగా నిలుస్తున్నట్టు తేలింది. కండరాల శ్రమతో పాటు ఎడతెగని పట్టు, ఒంటిమీద ఉన్న రక్షణ కవచాల వేడి, పోటీలో పుట్టే ఉద్వేగం కూడా అందుకు కారణాలే.

ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయిలో ఒక్కో మోటో 30 నిమిషాలు, దానిపైన మరో 2 ల్యాపులు సాగుతుంది. ఔత్సాహిక తరగతుల్లో అది సాధారణంగా 10 నుంచి 20 నిమిషాల మధ్యనే ముగుస్తుంది, కాని అదే రోజున రెండోసారి కూడా పందెం మొదలయ్యే గేటు దగ్గర నిలబడాలి. కొత్తగా పోటీకి దిగేవారిలో ఎక్కువమంది మొదటి మూడు ల్యాపులూ బాగానే నడిపి, ఆ తరువాత మోచేతులు కిందికి జారి, మోకాళ్లు బండిని వదిలేసి, సీటు మీద కూలబడి నడుపుతారు. నేర్చుకున్న మెళకువ వారు మరిచిపోలేదు; దాన్ని నిలబెట్టే ఒళ్లు సహకరించడం మానేసింది. కాబట్టి కండలు పెంచడం కన్నా, సరైన భంగిమను చివరి ల్యాపు దాకా కాపాడుకోవడమే ఈ సాధన లక్ష్యంగా ఉండాలి.

ముందు ఊపిరి, గుండె

చాలాకాలంగా వ్యాయామానికి దూరంగా ఉన్నవారు, 40 ఏళ్లు దాటినవారు, గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం వంటివి ఉన్నవారు మొదట వైద్యుని చేత పరీక్ష చేయించుకొని, ఇంత తీవ్రమైన శ్రమ చేయవచ్చునన్న మాట తీసుకున్నాకే మొదలుపెట్టాలి.

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు నిదానమైన, ఎడతెగని శ్రమకు కేటాయించండి. సైకిల్ తొక్కడం, రోయింగ్ యంత్రం, ఈత, పరుగు వీటిలో ఏదైనా సరే, వారానికి మూడు సార్లు, ఒక్కోసారి 45 నుంచి 60 నిమిషాలు చేస్తే చాలు. పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగేంత నిదానంగా సాగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. ఈ దశ చాలామందికి విసుగు పుట్టిస్తుంది, అందుకే దీన్ని దాటవేసి నేరుగా కఠిన సాధనలోకి దూకుతారు. అది తప్పుడు పొదుపు. రెండు మోటోల మధ్య ఎంత త్వరగా తేరుకుంటామన్నది ఎక్కువగా ఈ పునాది మీదే ఆధారపడుతుంది. మోటోక్రాస్ రైడర్లు సైకిల్‌కు ప్రాధాన్యం ఇవ్వడానికి ఒక కారణం ఉంది: జంపుల వల్ల ఇప్పటికే నలిగిన మోకాళ్లకు, మడమలకు అది కొత్త దెబ్బలు తగిలించదు.

పునాది పడ్డాక వారంలో ఒకటి రెండు రోజులు ఇంటర్వెల్ సాధనకు మారాలి. బాగా పరీక్షకు నిలిచిన పద్ధతి ఏమిటంటే, 4 నిమిషాలు గట్టిగా శ్రమించి, 3 నిమిషాలు నెమ్మదిగా కదులుతూ తేరుకొని, ఇలా నాలుగు సార్లు చేయడం. ఆ 4 నిమిషాల చివరికి గుండె వేగం గరిష్ఠంలో 90 నుంచి 95 శాతానికి చేరాలి. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసివేస్తే గరిష్ఠ వేగం ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 30 ఏళ్ల మనిషికి అది 187, అందులో 90 శాతం 168. మనిషికీ మనిషికీ నిమిషానికి పది స్పందనల తేడా ఉండడం మామూలే కాబట్టి ఈ అంకెను శిలాశాసనంగా తీసుకోకుండా, ఒకటి రెండు మాటలకు మించి మాట్లాడలేని స్థితినే గుర్తుగా పెట్టుకోవచ్చు.

కాళ్లు, నడుము, మెడ

ట్రాక్ మీద నిలబడే భంగిమకు మూలం పిరుదుల దగ్గర వంగడం. గోడకు ఒక అడుగు దూరంలో వీపు అటు పెట్టి నిలబడండి. మోకాళ్లను కొద్దిగా సడలించి, వెన్ను నిటారుగా ఉంచి, పిరుదులను వెనక్కి జరిపి గోడను తాకే ప్రయత్నం చేయండి. భారం పాదాల మధ్యన పడాలి, తల ఎదురుగా చూడాలి, మోచేతులు పక్కలకు లేవాలి. ఈ స్థితిలో రెండు నిమిషాలు కదలకుండా నిలబడలేనివారు, బండి మీద 15 నిమిషాలు నిలబడతారని ఆశించలేం. రోజూ కొంచెం కొంచెంగా ఈ సమయాన్ని పెంచుకుంటూ పోవాలి.

బరువులతో వారానికి రెండు రోజులు చాలు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ఒక కాలు ముందుకు వేసి దిగే లంజ్, పుల్-అప్, వంగి బరువు లాగే రో, పుష్-అప్, రెండు చేతులా బరువులు పట్టుకొని నడవడం వంటివి ఒంటినంతటినీ కలిపి పనిచేయిస్తాయి. ఒక్కోటి 6 నుంచి 10 సార్లు, మూడు విడతలు చేస్తూ, ఇంకా రెండు సార్లు చేయగలమనిపించే చోట ఆపడం మంచిది. ఒళ్లంతా పులిసిపోయేంతగా చేసి, మరునాడు ట్రాక్ మీద బిగుసుకుపోయిన కాళ్లతో నడపడం వల్ల ప్రయోజనం లేదు. జంప్ నుంచి దిగే దెబ్బను తట్టుకోవడానికి, మోకాలి ఎత్తు కూడా లేని పెట్టె మీద నుంచి దిగి, చప్పుడు చేయకుండా, మోకాళ్లు లోపలికి వాలకుండా నిలదొక్కుకోవడం సాధన చేయండి.

తొడ లోపలి కండరాలను చాలామంది పట్టించుకోరు, కాని బండిని పట్టి ఉంచేది ఆ కండరాలే. పక్కకు తిరిగి పడుకొని, మోచేతి మీద ఆని, పైకాలి మోకాలిని ఒక బల్ల మీద ఆనించి, ఆ కాలి బలంతోనే నడుమును నేల నుంచి పైకెత్తండి. మొదట్లో 15 సెకన్లకే తొడ వణుకుతుంది. ఒక్కో పక్క మూడు సార్లు చేస్తూ, వారాలు గడిచేకొద్దీ 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. ఇక మెడ విషయానికొస్తే, హెల్మెట్ బరువు ఒక కిలోకు పైగానే ఉంటుంది, ప్రతి గుంటలోనూ అది తలను ఊపుతుంది. అరచేతిని నుదుటి మీద, తరువాత తల వెనక, రెండు పక్కలా ఆనించి, తల కదలకుండా 10 సెకన్ల చొప్పున ఎదురు నెట్టడం చాలు.

ఆర్మ్ పంప్ సంగతి

ఔత్సాహిక రైడర్లను అన్నిటికంటే ఎక్కువగా వేధించేది ఇదే. ముంజేతి కండరాలను అంతగా సాగని పొర ఒకటి చుట్టి ఉంటుంది. పట్టు సడలించకుండా బిగించినప్పుడు రక్తం చేరి కండరం ఉబ్బుతుంది. పొర సాగదు గనుక లోపలి ఒత్తిడి పెరుగుతుంది, దాంతో రక్తప్రసరణకు అడ్డం ఏర్పడుతుంది. ముంజేయి గట్టిపడి నొప్పి మొదలవుతుంది, వేళ్లు మొద్దుబారతాయి, ముందు బ్రేకు లివర్‌ను ఎంత నొక్కుతున్నామో చేతికి తెలియదు. ఆ స్థితిలో జంప్ మీదికి వెళ్లడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి విరుగుడుగా పిడికిలి బిగించే స్ప్రింగులు కొనుక్కొని రాత్రింబవళ్లు నొక్కేవారిని తరచూ చూస్తుంటాం. పట్టుకు కొంత బలం కావాలన్నది నిజమే గాని, అసలు తప్పు చేతులు చేయకూడని పని చేయడంలో ఉంది. కాళ్లు బండిని పట్టుకోనప్పుడు, వేగం పెంచిన ప్రతిసారీ ఒళ్లు వెనక్కి జారుతుంది, ఆ భారాన్నంతా వేళ్లు లాగుతాయి. మీరు ఏ పక్షమో తెలుసుకోవాలంటే కొంతకాలం వాడిన రైడింగ్ ప్యాంటును తిప్పి చూడండి: మోకాలి లోపలివైపు తోలు కొత్తదానిలా మెరుస్తూ, చేతి తొడుగు అరచెయ్యి మాత్రం అరిగిపోయి ఉంటే, మీ కాళ్లు సెలవులో ఉన్నట్టే.

బండి అమరిక కూడా చూసుకోవాలి. పెగ్గుల మీద నిలబడి వేళ్లు చాపినప్పుడు ముంజేయి, మణికట్టు, లివర్ ఒకే గీతలోకి రావాలి. మరీ బిగువైన తొడుగులు, మోచేతి దగ్గర నొక్కే పట్టీలు, రైడర్ బరువుకు మించి గట్టిగా ఉన్న సస్పెన్షన్ సమస్యను పెంచుతాయి. నడిపేటప్పుడు ఊపిరి బిగపట్టే అలవాటు మరో కారణం. ప్రతి ల్యాపులోనూ ఒక నిర్ణీత చోటును ఎంచుకొని, అక్కడికి రాగానే కావాలని ఊపిరి పూర్తిగా వదిలి, వేళ్లను ఒక క్షణం సడలించడం అలవాటు చేసుకోండి. ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా నొప్పి, తిమ్మిరి వదలకపోతే క్రీడా వైద్యుణ్ణి కలవాలి.

బండి మీద సాధన, విశ్రాంతి

ఏ వ్యాయామశాలా బండికి బదులు కాదు. వారానికి ఒకటి రెండు సార్లు ట్రాక్ మీదికి వెళ్లగలిగితే, పోటీ మోటో నిడివికి సమానంగా, ఆగకుండా, పోటీ వేగంతో రెండు విడతలు నడపండి. రెండు ల్యాపులు వేసి, ఆగి కబుర్లు చెప్పి, మళ్లీ రెండు వేయడం వల్ల మెళకువ పెరగవచ్చు గాని దమ్ము పెరగదు. ఒక రోజున మాత్రం నెమ్మదిగా, భంగిమ మీదే మనసు పెట్టి నడపడం అవసరం. ట్రాక్ మీద గట్టిగా నడిపిన మరునాడు బరువుల జోలికి పోకుండా తేలికగా సైకిల్ తొక్కాలి. వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలి. నిద్ర 7 గంటలకు తగ్గితే ఎంత సాధనైనా సగమే ఒంటబడుతుంది.

కింద పడి తల తిరగడం, మసకబారడం, వాంతి వచ్చినట్టుండడం, జరిగింది గుర్తులేకపోవడం వంటివి కనిపిస్తే ఆ రోజుకు బండి ఎక్కనేకూడదు. వైద్యుడు అనుమతించేదాకా సాధన కూడా వద్దు.

వేడి, నీరు, పోటీ రోజు

వేడి వాతావరణానికి ఒళ్లు అలవాటు పడడానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది, కాబట్టి ఎండలో పోటీ ఉంటే సాధనలో కొంత భాగాన్ని ముందుగానే ఎండలోకి మార్చాలి. సాధనకు ముందు, తరువాత బరువు చూసుకోండి. ఒంటి బరువులో 2 శాతం మించి చెమట రూపంలో పోతే, అంటే 70 కిలోల మనిషికి 1.4 కిలోలు తగ్గితే, శక్తీ ఏకాగ్రతా మందగిస్తాయి. తగ్గిన ప్రతి కిలోకు 1.25 నుంచి 1.5 లీటర్ల వరకు నీటిని, కొంత ఉప్పుతో కలిపి, కొన్ని గంటల్లో నెమ్మదిగా తాగాలి. మంచినీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. రోజువారీ ఆహారంలో ఒంటి బరువు కిలోకు 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలు.

పోటీకి ముందు వారం సాధన నిడివిని సగానికి తగ్గించండి, తీవ్రతను మాత్రం తగ్గించవద్దు. ఆ రోజున మొదటి మోటోకు మూడు గంటల ముందు అలవాటైన, కొవ్వు తక్కువగా ఉండే పిండిపదార్థాల భోజనం చేయాలి. కొత్త పదార్థాలతో ప్రయోగాలకు అది సమయం కాదు. గేటు దగ్గరికి వెళ్లేముందు 10 నిమిషాలు ఒళ్లు వెచ్చబడేలా చురుగ్గా కదలండి, చేతులు తిప్పండి, చివర్లో ఒకటి రెండు సార్లు గుండె వేగం పెరిగేలా పరుగెత్తండి. చల్లని ఒంటితో ఒక్కసారిగా పూర్తి వేగంలోకి వెళితే ఆర్మ్ పంప్ రెండో ల్యాపులోనే పలకరిస్తుంది.

మొదటి మోటో ముగియగానే కూలబడకుండా ఐదు నిమిషాలు నడవండి. హెల్మెట్, జాకెట్, బూట్లు విప్పి నీడలో కూర్చొని, మెడ మీద, ముంజేతుల మీద తడిగుడ్డ వేసుకోండి. మొదటి అరగంటలోనే తేలికగా అరిగే పిండిపదార్థం కొద్దిగా తిని, నీరు గుక్కగుక్కగా తాగి, రెండో మోటోకు 20 నిమిషాల ముందు మళ్లీ లేచి ఒళ్లు వెచ్చబరచడం మొదలుపెట్టాలి.