మేడ మీద చేపల తొట్టె పచ్చబడితే: నా అనుభవం

చెన్నై వేళచ్చేరిలో మా మేడ మీది సిమెంటు తొట్టెలో నీళ్లు ఎండలకు చిక్కటి పచ్చగా మారాయి. తెల్లవారుజామున గప్పీలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, మొప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. నాచు రాత్రంతా ఆక్సిజన్ లాగేస్తుంది, పగలేమో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెంచేస్తుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాలో విషరూపం 1 శాతం కూడా ఉండదు. 9కి చేరితే మూడో వంతు దాటుతుంది.

పక్కింటన్న నాచుమందు పోసెయ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు. కొన్ని రకాల నీలి-ఆకుపచ్చ నాచు ఒక్కసారిగా చస్తే, కణాల్లోని మైక్రోసిస్టిన్ అనే విషం నీళ్లలోకి దిగి చేపల కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

గ్రీన్ నెట్ కట్టి, మేత సగానికి తగ్గించి, రాత్రిళ్లు ఎయిర్ పంపు వేశాను. రోజూ కొంచెం నీళ్లు మార్చాను. నీటిపై తేలే అంతరతామర మొక్క వేశాక తేటపడింది. దాన్ని సగం తొట్టెకే ఉంచండి, మొత్తం కప్పేస్తే నీళ్లకు గాలాడదు.