పాట నడుస్తోంది, శబ్దం రావట్లేదా?

ముందు తప్పు ఫైలుదా, కంప్యూటర్‌దా తేల్చుకోండి. విండోస్ 11లో గడియారం పక్కనున్న స్పీకర్ బొమ్మపై రైట్ క్లిక్ చేసి సౌండ్ సెట్టింగ్స్ తెరవండి. అడుగున 'మోర్ సౌండ్ సెట్టింగ్స్' నొక్కితే ప్లేబ్యాక్ జాబితా, అంటే శబ్దం వినిపించే పరికరాల జాబితా వస్తుంది. పాట నడుస్తుండగా ఏ పరికరం పక్కన ఆకుపచ్చ గీతలు ఆడుతున్నాయో చూడండి.

మానిటర్ పేరు పక్కన ఆడుతుంటే దొంగ దొరికినట్టే. హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించాక శబ్దం మానిటర్‌కి మళ్లిపోవడం మామూలే. చాలా మానిటర్లకు స్పీకర్లే ఉండవు. మీ స్పీకర్లను ఎంచుకుని 'సెట్ డిఫాల్ట్' నొక్కండి.

స్పీకర్ల పక్కనే ఆడుతున్నా వినబడకపోతే తీగ చూడండి. డెస్క్‌టాప్ వెనక 3.5 మి.మీ. పిన్ను ఆకుపచ్చ రంధ్రంలో ఉండాలి. గులాబీది మైకుది. స్పీకర్ల పవర్ స్విచ్ కూడా చూడండి, నవ్వకండి!

గీతలు ఎక్కడా కదలకపోతే వాల్యూమ్ మిక్సర్‌లో (ఒక్కో ప్రోగ్రాం శబ్దాన్ని విడిగా మార్చుకునే చోటు) ఆ ప్లేయర్ మ్యూట్‌లో ఉందేమో చూసి, అదే ఫైలును వీఎల్‌సీ అనే మరో ప్లేయర్‌లో వేయండి. అందులో పలికితే లోపం పాత ప్లేయర్‌దే. ఏ పాటా పలకకపోతే డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌లోని పరికరాల జాబితా) సౌండ్ పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. దాన్ని నడిపే ప్రోగ్రాం అయిన డ్రైవర్‌ను సాధారణంగా విండోసే మళ్లీ వేసుకుంటుంది.