ట్రౌట్ చేపలోని పోషకాలు వంటలో పోకుండా తినడం ఎలా?

ట్రౌట్ మన నీళ్లలో పెరిగే చేప కాదు. హిమాచల్‌లోని కులూ లోయ, కశ్మీర్‌లోని కొకర్‌నాగ్ వంటి చోట్ల చల్లని పారే నీటిలో దానిని పెంచుతారు కనుక, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వారికి అది దొరికితే ఎక్కువగా ఐసుగడ్డ కట్టించిన రూపంలో దొరుకుతుంది. అంత ధర పెట్టి కొన్న చేపను మూకుడు నిండా నూనెలో వేయిస్తే దానిలోని అసలు మేలు కొంత ఆ నూనెలోకే జారిపోతుంది.

వంద గ్రాముల పచ్చి ట్రౌట్‌లో సుమారు 20 గ్రాముల ప్రోటీన్, పెంపకపు చేప అయితే దాదాపు 6 గ్రాముల కొవ్వు, పెద్దవారికి ఒక రోజుకు సరిపోయేదాని కంటే ఎక్కువ బి12 ఉంటాయి. విటమిన్ డి, సెలీనియం, ఫాస్ఫరస్ కూడా చెప్పుకోదగినంత లభిస్తాయి. ఆ కొవ్వులోని ఒమేగా-3 ఆమ్లాలు రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు తగ్గడానికి తోడ్పడతాయి. వాటిలో ఒకటైన డీహెచ్ఏ గర్భంలోని శిశువు మెదడు, కళ్ల ఎదుగుదలకు అవసరం. పాదరసం తక్కువగా ఉండే చేప కనుక గర్భిణులు కూడా బాగా ఉడికించి తినవచ్చు. జొన్నరొట్టె ప్రధానంగా తినే పాలమూరు ఇళ్లకు మరొక లాభం ఉంది: జొన్న ప్రోటీన్‌లో కొరతగా ఉండే లైసిన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం చేపలో పుష్కలంగా ఉంటుంది.

గడ్డకట్టిన చేపను బయట పెట్టకుండా రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచి కరగనివ్వాలి. పొలుసులు చాలా చిన్నవి కాబట్టి గీకవలసిన పని లేదు. తోలు తీయకూడదు, ఎందుకంటే మంచి కొవ్వులో కొంత దాని కిందనే ఉంటుంది. ఉప్పు, పసుపు, కారం, కాస్త నిమ్మరసం పట్టించి, పెనం మీద చెంచాడు నూనెతో, మధ్యస్థమైన మంట మీద ముందుగా తోలు వైపు నాలుగైదు నిమిషాలు, తిప్పి రెండు మూడు నిమిషాలు కాల్చాలి. మాంసం పారదర్శకత పోయి పొరలుగా విడిపోతే ఉడికినట్లే. పులుసు చేసేవారు చింతపండు రసాన్ని ముందే బాగా మరిగించి, చిక్కబడ్డాకనే ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నెను పట్టుకొని కుదుపుతూ ఎనిమిది, పది నిమిషాల్లో దించాలి. పైకి తేలే నూనెను తీసిపారేయకూడదు, చేపలోని కొవ్వు అందులో కలిసి ఉంటుంది.

మృగశిర కార్తె నాడు చేపల మార్కెట్లు కిటకిటలాడతాయి, కానీ గుండెకు మేలు కావాలంటే వారానికి రెండుసార్లు తినాలి. చేప పడని వారు దూరంగా ఉండాలి. గౌట్ (యూరిక్ ఆమ్లం వల్ల వచ్చే కీళ్ల జబ్బు), మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత తినాలో వైద్యుణ్ణి అడగాలి.

ట్రౌట్ దొరకకపోతే విచారించనక్కర లేదు. సాగర్, జూరాల జలాశయాల బొచ్చె, రవ్వ చేపలు, తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను ప్రోటీన్‌లో పెద్దగా తీసిపోవు, కొవ్వు మాత్రం తక్కువ. అందువల్ల ఒమేగా-3 కోసం వారంలో ఒకసారి, మొప్పలు ఎర్రగా ఉండి, వేలితో నొక్కితే గుంట నిలవని కానాగంతలు (మాకెరెల్ అనే సముద్రపు చేపలు) చూసి తెచ్చుకోవాలి.