వెబ్‌మెయిల్ నుంచి రాసిన జవాబు మెయిలింగ్ లిస్టులో థ్రెడ్ తప్పితే: సమస్య - పరిష్కారం

లక్షణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మెయిలింగ్ లిస్టుకు, అంటే ఒక్క చిరునామాకు రాస్తే సభ్యులందరికీ ఉత్తరం చేరే బృందానికి, మీరు జవాబు రాశారు, సబ్జెక్టు సరిగానే ఉంది, మీ జీమెయిల్‌లో తేడా ఏమీ కనబడదు. లిస్టు ఆర్కైవ్‌లో (పాత ఉత్తరాలన్నీ దాచి ఉంచే వెబ్ పేజీల్లో) మాత్రం ఆ జవాబు ఒంటరిగా నిలబడి ఉంటుంది, లేదా సంబంధం లేని మరో చర్చ కిందికి చేరి ఉంటుంది.

అందరూ వదిలేసే తనిఖీతోనే మొదలుపెట్టాలి. పంపిన మెయిల్‌ను తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కి, అందులో 'ఇన్-రిప్లై-టు' అనే హెడర్‌ను (ఉత్తరంతోపాటు పైకి కనబడకుండా వెళ్లే సమాచారపు పంక్తిని) వెతకండి. మీరు ఏ ఉత్తరానికి జవాబిచ్చామని అనుకుంటున్నారో, దాని 'మెసేజ్-ఐడీ' (ప్రతి ఉత్తరానికీ విడిగా ఉండే గుర్తింపు) అక్కడ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఈ అరనిమిషం పని చేయకుండా "లిస్టు సర్వర్ పాడైంది" అని నిర్వాహకులకు ఫిర్యాదు రాసేవారిని నేను లెక్కలేనంతమందిని చూశాను.

థ్రెడ్‌ను, అంటే ఒక చర్చలోని ఉత్తరాల వరుసను, కట్టేది సబ్జెక్టు కాదు. ఈమెయిల్ ఎలా ఉండాలో చెప్పే 2008 నాటి ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5322 ప్రకారం ఆ పని ఇన్-రిప్లై-టు, రిఫరెన్సెస్ అనే రెండు హెడర్లది. జీమెయిల్ వీటితోపాటు సబ్జెక్టునూ లెక్కలోకి తీసుకుంటుంది. సబ్జెక్టు మారినా, సంభాషణ వంద ఉత్తరాలు దాటినా కొత్త వరుస మొదలుపెడుతుంది. కాబట్టి మీ ఇన్‌బాక్సులో కనబడే వరుసను సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఆ హెడర్ అసలు లేకపోతే, మీరు 'కంపోజ్' నొక్కి చేత్తో 'రీ:' అని టైపు చేసి ఉంటారు, లేదా ఆర్కైవ్ పేజీలోని ఈమెయిల్ లింకు నొక్కి ఉంటారు. ఆ లింకులో ఇన్-రిప్లై-టు ఉన్నా జీమెయిల్ దాన్ని పట్టించుకోదు. మీకు వచ్చిన అసలు ఉత్తరం తెరిచి 'రిప్లై' నొక్కితే చాలు. హెడర్ ఉండి, అది ఏదో పాత చర్చను చూపిస్తుంటే, పాత ఉత్తరానికి రిప్లై కొట్టి, సబ్జెక్టు మార్చి కొత్త విషయం మొదలుపెట్టారన్నమాట. కొత్త విషయానికి కొత్త మెయిల్ రాయాలి.

ఇక నన్ను నెలల తరబడి తిప్పలుపెట్టిన కారణం డైజెస్ట్, అంటే లిస్టు ఉత్తరాలు కొన్నింటిని ఒకే మెయిల్‌గా కూర్చి పంపే పద్ధతి. రోజుకు ఇరవై ఉత్తరాలు వచ్చే ఒక లిస్టులో చేరి, పెట్టె నిండిపోతోందని డైజెస్ట్ పెట్టుకున్నాను. లిస్టులను నడిపే సాఫ్ట్‌వేర్ మెయిల్‌మ్యాన్ పంపే డైజెస్ట్ పైభాగంలోనే, జవాబిచ్చేటప్పుడు సబ్జెక్టును మార్చి మరింత స్పష్టంగా రాయమని ఒక సూచన ఉంటుంది. నేను దాన్ని శ్రద్ధగా పాటించాను: డైజెస్ట్ సబ్జెక్టులో ఉండే సంపుటి, సంచిక సంఖ్యలు తీసేసి, అసలు చర్చ సబ్జెక్టును కాపీ చేసి పెట్టి, అనవసరమైన పాఠాన్నంతా తొలగించి మరీ పంపేవాడిని. అయినా నా జవాబులు విడిగానే పడేవి. ఒకసారి కీబోర్డు గురించి నేను రాసినదీ, అక్షరదోషాల గురించి మరొకరు రాసినదీ ఒకే గుత్తిగా కనబడ్డాయి. మేమిద్దరం ఒకే డైజెస్ట్‌కు రిప్లై కొట్టామన్న సంగతి హెడర్లు చూశాకే అర్థమైంది.

సబ్జెక్టు మార్చినా ఇన్-రిప్లై-టు మారదు. అది డైజెస్ట్ మెసేజ్-ఐడీనే చూపిస్తుంది. డైజెస్టేమో ఆర్కైవ్‌లో ఒక ఉత్తరంగా ఉండదు, అంటే మన జవాబు లేని తల్లిని వెతుక్కుంటుంది. హెడర్ బొత్తిగా లేని ఉత్తరాన్ని సబ్జెక్టును బట్టి ఊహించి సరైన చోట కలిపే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి. తప్పు హెడర్ ఉన్నప్పుడు ఆ ఊహకు అవకాశం ఉండదు. అందుకే ఇంత జాగ్రత్తపడినవాడి జవాబు, చేత్తో 'రీ:' టైపు చేసినవాడి జవాబుకంటే అధ్వాన్నంగా పడవచ్చు.

పరిష్కారం డైజెస్ట్‌ను ఆపేయడమే. సభ్యత్వ పేజీలో డైజెస్ట్ మోడ్‌ను 'ఆఫ్' చేయండి. ఆ తర్వాత కూడా చివరి డైజెస్ట్ ఒకటి రావచ్చు, కంగారుపడనక్కరలేదు. పెట్టె నిండుతుందన్న భయానికి ఫిల్టర్ ఉంది: జీమెయిల్ వెతుకుడు పెట్టెలో 'లిస్ట్:' (list:) తర్వాత లిస్టు చిరునామా ఇచ్చి, దానితో ఫిల్టర్ తయారుచేసి, 'స్కిప్ ఇన్‌బాక్స్' ఎంచుకుని, ఒక లేబుల్ తగిలిస్తే, ఉత్తరాలన్నీ విడివిడిగానే వచ్చినా మీ కంటికి అడ్డు రావు.

డైజెస్ట్ ఆపకముందు నాటి ఉత్తరానికి ఇప్పుడు జవాబివ్వాల్సి వస్తే, మీ దగ్గర అది విడిగా లేదు కాబట్టి రిప్లై బటన్ పనికిరాదు. లిస్టు మెయిల్‌మ్యాన్ 3 మీద ఉండి, హైపర్‌కిట్టీ ఆర్కైవ్ వాడుతుంటే, అక్కడ లాగిన్ అయి ఆ ఉత్తరం కిందే జవాబు రాయండి. పాత పైపర్‌మెయిల్ ఆర్కైవ్ అయితే ఆ నెల ఫైలును దించుకుని, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో ఉంచి, ఆ ఉత్తరం తెరిచి అక్కడినుంచే జవాబు పంపాలి. కొంచెం చాకిరీయే గానీ వెబ్‌మెయిల్‌లో హెడర్‌ను చేత్తో రాసే వీలు లేదు.

'రీ:' బదులు జర్మన్ 'ఏడబ్ల్యూ:' పెట్టే మెయిల్ ప్రోగ్రాములు, మధ్యలో మెసేజ్-ఐడీని తిరగరాసే సర్వర్లు కూడా థ్రెడ్‌ను తెంపవచ్చు. అవి అరుదు, పై తనిఖీలన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

ఇప్పటికే తప్పుచోట పడిన జవాబును మళ్లీ పంపకండి. అసలు చర్చలో సరైన ఉత్తరానికి రిప్లై కొట్టి, మొదటి జవాబు ఆర్కైవ్ లింకును ఒక్క వాక్యంతో ఇవ్వండి. ఆ రిప్లైని పంపేముందు అది డైజెస్ట్ కాదని చూసుకోండి.