పెట్రోలు మూత వెనక చూసి పోయించండి

బంకు దగ్గర మామూలుదా, ప్రీమియమా అని అడిగితే తేల్చుకోలేక చాలామంది ఖరీదైనదే పోయిస్తుంటారు. ఇంజన్‌కు అక్కర్లేకపోతే అది దండగ. ప్రీమియంలో సాధారణంగా ఎక్కువుండేది ఆక్టేన్ నంబరు. అది ఎక్కువైనంత మాత్రాన పెట్రోలులో శక్తి పెరగదు. ఒత్తిడికి ముందుగానే అంటుకోకుండా తట్టుకునే గుణం పెరుగుతుంది, అంతే.

ట్యాంకు మూత తలుపు తెరిచి లోపలి స్టిక్కరు చూడండి. అక్కడ లేకపోతే కారు మాన్యువల్‌లో ఇంధనం పేజీలో ఉంటుంది. 91 ఆర్‌ఓఎన్ (ఆక్టేన్ నంబరు కొలత) అని ఉంటే 91 చాలు. "కనీసం 95" అని ఉంటే మాత్రం తగ్గొద్దు. టర్బో ఇంజన్లలో ఇది మరీ ముఖ్యం. "95 మంచిది, 91 అయినా ఫర్వాలేదు" అన్న అర్థంలో రాసి ఉంటే మామూలు తిరుగుడికి 91 పోయించుకోవచ్చు, కాస్త పికప్ తగ్గుతుంది. మాన్యువల్‌లో ఏకేఐ అని ఉంటే అది ఆక్టేన్‌కే మరో కొలత, కంగారు పడకండి: 87 ఏకేఐ అంటే దాదాపు 91 ఆర్‌ఓఎన్. అదే స్టిక్కరు మీద ఇ10, ఇ20 అని ఉంటే అది ఇథనాల్ శాతం పరిమితి. దాన్ని దాటితే పాత బండ్లలో రబ్బరు పైపులు, సీళ్లు పాడవుతాయి.

పొరపాటున తక్కువ ఆక్టేన్ పడిందా? యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా నడిపి, సగం ట్యాంకు ఖాళీ కాగానే ఎక్కువది నింపండి. 20 లీటర్ల 91కి 20 లీటర్ల 95 కలిస్తే సుమారు 93 అవుతుంది.

సరైన పెట్రోలు పోసినా ఎత్తు ఎక్కేటప్పుడు టకటక చప్పుడు వస్తుంటే ఈ చిట్కా పనిచేయదు. కార్బన్ పేరుకోవడమో, స్పార్క్ ప్లగ్ సరిపడకపోవడమో కారణం కావచ్చు. మెకానిక్‌కు చూపించాల్సిందే.