ఫిల్మ్ సిటీ నుంచి వచ్చాక ఈ ఒక్క పని చేయండి

పిల్లాపాపలతో రామోజీ ఫిల్మ్ సిటీకెళ్లి, అక్కడి సితార హోటల్లోనో తార హోటల్లోనో బస చేసి వచ్చారా? మాసిన బట్టలు ఉతకడానికి వేసిన రోజే ఫోన్లో ఫొటోల పని కూడా పట్టండి. 1,666 ఎకరాల స్థలం, గేటు దగ్గర్నుంచీ బస్సుల్లో తిరగడమే. వారం దాటిందా, ఏ తోట తర్వాత ఏ షో చూశామో అంతా కలగాపులగమైపోతుంది.

పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ఫొటో చూపిస్తూ, వాళ్లు చెప్పేది రికార్డు చేయండి. మనకి మొఘల్ గార్డెన్ గొప్పగా అనిపిస్తే, వాళ్లు రైల్వే స్టేషన్ సెట్ గురించి వదలకుండా చెబుతారు. "గోడ తడితే డబడబమంది నాన్నా, లోపలేం లేదు!" ఇలాంటి మాట ఏ ఫొటోలోనూ దొరకదు. అమ్మమ్మా తాతయ్యా వచ్చుంటే వాళ్లనీ అడగండి. అక్కడున్నంతసేపూ "నాకేంరా, బాగానే ఉన్నా" అన్నవాళ్లే, ఎక్కడ కాళ్లు లాగాయో ఇప్పుడు చెబుతారు. ఈసారి వెళ్లేటప్పుడు అదే పనికొస్తుంది.

ఒకేలా ఉన్న సెల్ఫీలు తీసేసి, నచ్చినవి కొన్ని ప్రింటు వేయించండి. వెనక తేదీ, పేర్లు రాసేటప్పుడు మాత్రం బాల్‌పెన్ను గట్టిగా ఒత్తకండి, గీత ముందువైపుకి తేలుతుంది.